అన్నీ కలిపిన మలాం పేదోడి మందు కాదు

నల్గొండ, పాలమూరు పల్లెల్లో చర్మరోగాల ప్రస్తావన వస్తే ఒక వాదన తప్పకుండా వినిపిస్తుంది. మందుల షాపాయన అంటాడు, ఆర్‌ఎంపీ అంటాడు, పట్నంలో పేరున్న డాక్టర్లలోనూ కొందరు తలూపుతారు. "చందంపేట తండాలకు, మక్తల్ అవతలి పల్లెలకు చర్మం డాక్టరు ఎక్కడి నుంచి వస్తడు? వచ్చింది తామరో గజ్జో చీముపొక్కో తేల్చేదెవరు? అన్నిటికీ పనిచేసే మలాం ఒకటి చేతుల పెడితే ఏదో ఒకటి తగుల్తది. పైకి రాసేదే కదా, కడుపులకు పోతదా?"

ఈ మాట అనేవాళ్లలో చాలామందికి రోగుల మీద నిజంగానే జాలి ఉంది. అందుకే ఈ వాదనను దాని బలమైన రూపంలోనే తీసుకుని జవాబు చెప్పాలి. నా జవాబు ఇది. చర్మం డాక్టరు దొరకని చోటే అన్నీ కలిపిన మలాం ఎక్కువ చేటు చేస్తుంది. ఏ మందు ఏ జీవిని చంపుతుందో చెప్పే వర్గీకరణ పెద్ద దవాఖాన డాక్టరుకన్నా పల్లెలోని మనిషికే ఎక్కువ అవసరం. తప్పు జరిగితే పట్టుకుని సరిదిద్దేవాడు ఆ పల్లెలో లేడు కాబట్టి.

చర్మానికి రోగం తెచ్చే జీవులు ఒకే జాతివి కావు. సెగ్గడ్డ, చీముపొక్కు బాక్టీరియా పని, ఎక్కువగా స్టఫైలోకాకస్ ఆరియస్ పని. అంచు ఎర్రగా లేచి నడుమ మానినట్టు కనిపించే గుండ్రటి తామర ఫంగస్ వల్ల వస్తుంది. రాత్రి కాగానే ఇంటిల్లిపాదినీ గోకించే గజ్జి, చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టే కంటికానని పురుగు వల్ల. పెదవి మీద, నడుము చుట్టూ గుత్తులుగా లేచే సర్పి పొక్కులు వైరస్ వల్ల. నాలుగూ ఎర్రబారతాయి, నాలుగూ బాధపెడతాయి. వాటి ప్రాణం మాత్రం నాలుగు వేర్వేరు చోట్ల ఉంటుంది.

ఫంగస్ తన కణం చుట్టూ కట్టుకునే పొరకు ఎర్గోస్టెరాల్ అనే పదార్థం కావాలి. క్లోట్రిమజోల్, మైకోనజోల్, లులికోనజోల్ లాంటి అజోల్ కుటుంబపు మందులు ఆ పదార్థం తయారీని ఒక మెట్టు దగ్గర ఆపుతాయి. టెర్బినాఫిన్ అదే దారిలో ఇంకో మెట్టు దగ్గర, స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైము దగ్గర అడ్డుపడుతుంది. గజ్జి పురుగుకు ఈ దారే లేదు. దాని నరాలను కొట్టి చంపాలంటే పెర్మెత్రిన్ కావాలి. మ్యుపిరోసిన్, ఫ్యుసిడిక్ ఆమ్లం, నియోమైసిన్ బాక్టీరియా ప్రోటీన్లు తయారుచేసుకునే యంత్రాంగాన్ని మూడు వేర్వేరు చోట్ల చెడగొడతాయి. తామర దగ్గర వాటికి పనే లేదు. సర్పికి అసైక్లోవిర్ కుటుంబం ఉంది, అదీ తొలిరోజుల్లో వాడితేనే. పోవిడోన్ అయొడిన్, క్లోర్‌హెక్సిడిన్ ఇంకో తెగ. అవి యాంటీసెప్టిక్‌లు, గాయాన్ని, చర్మాన్ని శుభ్రం చేయడానికి ఉన్నవి. ఇక స్టెరాయిడ్ ఏ క్రిమినీ చంపదు. అది మన శరీరం చేసే పోరాటాన్ని అణచివేస్తుంది. ఎరుపు, వాపు, దురద ఆ పోరాటపు గుర్తులు గనుక అవి తగ్గిపోతాయి.

ఈ చివరి ముక్క దగ్గరే మొత్తం మోసం ఉంది. కొన్నేళ్ల క్రితం దాకా బాహాటంగా అమ్మిన ఒక కూర్పులో క్లోబెటాసోల్, ఆఫ్లోక్సాసిన్, మైకోనజోల్, జింక్ సల్ఫేట్ కలిసి ఉండేవి. పూత స్టెరాయిడ్లను బలాన్ని బట్టి నాలుగు మెట్లుగా విభజిస్తే హైడ్రోకార్టిసోన్ అడుగు మెట్టు, క్లోబెటాసోల్ పై మెట్టు. అంటే తామర పట్టిన గజ్జల్లో, చర్మం పలుచగా ఉండే చోట, ఉన్నవాటిలోకెల్లా బలమైన స్టెరాయిడ్ రాయమని ఇస్తున్నారు. రెండో రోజుకు తీట తగ్గుతుంది. మనిషికి నమ్మకం కుదురుతుంది. ట్యూబు ఆపగానే తామర రెండింతలై తిరిగొస్తుంది, మళ్లీ అదే ట్యూబు కొంటాడు. స్టెరాయిడ్ చాటున ఫంగస్ తన రూపం మార్చుకుంటుంది. గుండ్రటి అంచు చెదిరిపోతుంది, పొలుసు కనబడదు, చూసినవాళ్లు ఇంకేదో రోగం అనుకుంటారు. ఈ మారువేషపు తామరకు 'టీనియా ఇన్‌కాగ్నిటో' అని 1968లోనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు పేరు పెట్టారు. అరవై ఏళ్లు కావస్తున్నా మన పల్లెల్లో అదే వేషాన్ని మనమే డబ్బిచ్చి కడుతున్నాం.

అన్నీ కలిపిన మలాంను సమర్థించేవాళ్లు రోగమేదో తెలియనప్పుడు ఇదే దారి అంటారు. ఈ మలాం చేసే మొదటి పని, రోగమేదో ఆ తర్వాత కూడా తెలియకుండా చేయడం. మొదటి రోజు గుర్తుపట్టగలిగిన తామరను నెల తర్వాత చర్మం డాక్టరు కూడా గుర్తుపట్టలేని స్థితికి తెస్తుంది. గజ్జి విషయంలోనూ ఇంతే. స్టెరాయిడ్ రాసిన గజ్జిలో దురద తగ్గి పురుగులు పెరుగుతాయి, ఇంట్లో అందరికీ అంటుతాయి. అన్నిటికన్నా భయపెట్టేది ఇంకొకటి ఉంది. చర్మం మీద పాలిపోయిన మచ్చ, తాకితే స్పర్శ తెలియని మచ్చ కుష్ఠు కావచ్చు. దానికి సర్కారు దవాఖానలో పైసా ఖర్చు లేకుండా మందులు దొరుకుతాయి, తొందరగా మొదలుపెడితే వేళ్లు దెబ్బతినకుండా కాపాడుకోవచ్చు. ఆ మచ్చను తామర అనుకుని నెలల తరబడి మలాం రాసుకుంటూ కూర్చుంటే నరం చచ్చిపోతుంది. ఏదో ఒకటి తగుల్తదన్నవాళ్లు ఆ నరానికి ఏం జవాబు చెప్తారు?

"పైకి రాసేదే కదా" అన్న మాటకు కొలతలతో జవాబుంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్‌ను ఒంటి మీద వేర్వేరు చోట్ల రాసి ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచారు. ముంజేతి మీద ఇంకిన దాన్ని ఒక వంతు అనుకుంటే, దవడ దగ్గర 13 వంతులు, వృషణాల చర్మం మీద 42 వంతులు ఇంకింది. మన దగ్గర తామర ఎక్కువగా వచ్చేది ఎక్కడ? గజ్జల్లో, నడుము చుట్టూ, రొమ్ముల కింద. అమ్మాయిలు తెల్లబడతామని రాసుకునేది ఎక్కడ? ముఖం మీద. ఎక్కడ మందు బాగా లోపలికి పోతుందో సరిగ్గా అక్కడే బలమైనది రాస్తున్నాం. గజ్జల్లో చర్మం పలుచబడి చారలు పడితే అవి జీవితాంతం పోవు. పసిపిల్లల పిర్రల మీద వారాల తరబడి క్లోబెటాసోల్ రాస్తే అది రక్తంలోకి చేరి, ముఖం ఉబ్బి, ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోన్ ఉత్పత్తి పడిపోయిన కేసులు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. కడుపులకు పోదు, నిజమే. రక్తంలోకి మాత్రం పోతుంది.

సరే, స్టెరాయిడ్ తీసేసి యాంటీబయాటిక్, యాంటీఫంగల్ మాత్రమే కలిపితే ఏం నష్టం అనేవాళ్లున్నారు. నష్టం ఉంది, కాకపోతే నెమ్మదిగా తెలుస్తుంది. న్యూజీలాండ్‌లో మ్యుపిరోసిన్‌ను 1991 నుంచి చీటీ లేకుండా షాపులో అమ్మనిచ్చారు. పదేళ్లు తిరక్కుండానే అక్కడి స్టఫైలోకాకస్‌లో ఆ మందుకు లొంగని రకాలు బాగా పెరిగాయి. 2000లో చీటీ తప్పనిసరి చేశారు. అప్పుడు వాడకం ఫ్యుసిడిక్ ఆమ్లం వైపు మళ్లింది, కొన్నేళ్లకు దానికీ లొంగని రకాలు పుట్టుకొచ్చాయి. నలభై లక్షల జనాభా ఉన్న, వైద్యం చక్కగా అందే దేశంలో జరిగిన సంగతి ఇది. మన దగ్గర తామర రోగి గజ్జల్లో నెలల తరబడి ఆఫ్లోక్సాసిన్, జెంటామైసిన్ పూస్తే, ఆ చర్మం మీద రోజూ ఉండే బాక్టీరియా ఏం నేర్చుకుంటుంది? అదే బాక్టీరియా రేపు కోతకొడవలి గాయంలోకో, కాన్పు కుట్ల దగ్గరికో చేరితే ఏ మందు మిగిలి ఉంటుంది?

నియోమైసిన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1949లో సెల్మన్ వాక్స్‌మన్, హ్యూబర్ట్ లెషవలియే మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన మందు అది. పూతగా రాస్తే చాలామందికి పడదు, దురద, నీరుగారడం మొదలవుతుంది. ఎలర్జీ తెచ్చే పదార్థాల మీద జనం దృష్టి మళ్లించడానికి అమెరికాలో చర్మ ఎలర్జీ నిపుణుల సంఘం ఏటా ఒకదాన్ని ఎంచుకుంటుంది. 2010లో ఎంచుకున్నది నియోమైసిన్‌నే. మలాంలో నియోమైసిన్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉంటే ఆ ఎలర్జీ కూడా కనబడకుండా అణిగి ఉంటుంది. ట్యూబు ఆపితే దురద, రాస్తే ఉపశమనం. మనిషి ఆ ట్యూబుకు కట్టుబానిస అవుతాడు.

చిన్న గాయమైనా యాంటీబయాటిక్ పూత పడాల్సిందే అనే అలవాటు కూడా ఈ గుంపులోదే. 1996లో అమెరికాలో 900 మందికి పైగా రోగుల మీద ఒక పరీక్ష జరిపారు. చిన్న ఆపరేషన్ల తర్వాత శుభ్రమైన గాయాలకు కొందరికి బాసిట్రాసిన్, కొందరికి ఉత్త వాజిలిన్ రాశారు. చీము పట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎలర్జీ మాత్రం బాసిట్రాసిన్ రాసినవాళ్లలోనే వచ్చింది. నీళ్లు, సబ్బు, శుభ్రమైన గుడ్డతో మానే గాయానికి మందు ఖర్చుపెడుతున్నాం. ఈ మందులు ఊరికే దొరికినవి కావు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లే సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాలు జల్లెడపట్టి ఆరియోమైసిన్ అనే మొదటి టెట్రాసైక్లిన్‌ను బయటికి తీశాడు. అది లోకానికి తెలిసిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. అంత కష్టంతో వచ్చిన మందుల కుటుంబాలను తీటకు రాసే పూతగా అరగదీస్తున్నాం.

ఫంగస్ మందుల సంగతి ఇంకా దారుణం. తామర ఒకప్పుడు మామూలు రోగం, రెండు మూడు వారాల పూతతో పోయేది. గత పదేళ్లుగా దేశమంతటా అది మొండి రోగమైంది. 2020లో జపాన్ పరిశోధకులు ఇలాంటి తామర కలిగించే ఫంగస్‌ను వేరే జాతిగా గుర్తించి 'ట్రైకోఫైటాన్ ఇండోటినీయే' అని పేరు పెట్టారు. అది దొరికింది ఒక భారతీయుడి దగ్గర, ఒక నేపాల్ మనిషి దగ్గర. టెర్బినాఫిన్ ఏ ఎంజైమును పట్టుకుంటుందో సరిగ్గా ఆ ఎంజైములోనే ఈ ఫంగస్‌లో మార్పు వచ్చింది, మందుకు పట్టు దొరకడం లేదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు స్త్రీలకు ఈ ఫంగస్ సోకిందని అమెరికా ప్రకటించింది, వాళ్లలో ఒకరు ఆ మధ్యకాలంలో విదేశాలకు పోలేదు. మన దేశపు పేరు మోస్తున్న ఈ మొండి తామర ఇంతగా పాకడానికి స్టెరాయిడ్ కలిపిన మలాంల విచ్చలవిడి వాడకం ముఖ్య కారణమని భారత చర్మవైద్యుల సంఘం ఏళ్లుగా గొంతు చించుకుంటోంది. దాని మీద పోరాటానికి ప్రత్యేక బృందాన్నే ఏర్పాటు చేసింది.

మోతాదు లెక్క కూడా ఎవరూ చెప్పరు. చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబులోంచి పిండితే సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత జాగాకు సరిపోతుంది. రెండు గజ్జలు, నడుము కలిపి ఆరు అరచేతులంత తామర ఉన్న మనిషికి పూటకు ఒకటిన్నర గ్రాము, రోజుకు రెండు పూటలకు మూడు గ్రాములు కావాలి. 15 గ్రాముల ట్యూబు అయిదు రోజులకే ఖాళీ. మచ్చ మాయమయ్యాక కూడా కనీసం రెండు వారాలు రాయాల్సిన మందు ఇది. అన్నీ కలిపిన మలాంతో తీట రెండు రోజుల్లో తగ్గుతుంది కనుక అదే ట్యూబు ఇంట్లో నలుగురికి నెల రోజులు వస్తుంది. ఫంగస్‌ను చంపడానికి చాలని మోతాదు, దానికి మందు అలవాటు చేయడానికి మాత్రం చాలుతుంది.

ఇక్కడ వాళ్లు ఇంకో మాట అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోనే స్టెరాయిడ్, యాంటీబయాటిక్ కలిసిన మందులకు ఒక గది ఉంది కదా, మీరెవరు వద్దనడానికి అని. ఉన్నమాట నిజమే. ఓస్లోలోని కేంద్రం నిర్వహించే ఆ ఏటీసీ పట్టికలో చర్మం మందులు చాలావరకు డీ అక్షరం కింద వస్తాయి. డీ01 ఫంగస్ మందులు, డీ06 యాంటీబయాటిక్‌లు, డీ07 స్టెరాయిడ్‌లు, డీ08 యాంటీసెప్టిక్‌లు. గజ్జికి వాడే పెర్మెత్రిన్ ఈ వరసలోనే లేదు, పురుగుల మందుల కింద పీ03లో ఉంది. డీ07లో ఒక భాగం యాంటీబయాటిక్‌లు కలిసిన స్టెరాయిడ్‌లకు కేటాయించారు. అయితే ఈ పట్టిక తయారుచేసింది ఏ దేశంలో ఏ మందు ఎంత వాడుతున్నారో లెక్కగట్టడానికి. పట్టికలో చోటు దొరికినంత మాత్రాన వాడమని సిఫారసు చేసినట్టు కాదని ఆ కేంద్రమే స్పష్టంగా చెబుతుంది. నిజానికి ఈ పట్టిక మన వాదనకే బలం. ఫంగస్‌కు ఒక గది, బాక్టీరియాకు ఒక గది, పురుగుకు ఏకంగా వేరే ఇల్లు. ఆ గోడలన్నీ కూల్చి ఒకే ట్యూబులో పోసినవాళ్లు పట్టికను సాక్ష్యానికి పిలవకూడదు.

గోరంత ఒప్పుకోలు ఇక్కడ అవసరం. గోకి గోకి పుండై చీముపట్టిన ఎగ్జిమాకు, రోగి తన కళ్లముందుంటే, కొద్ది రోజుల పాటు స్టెరాయిడ్, యాంటీబయాటిక్ కలిపి వాడే చర్మవైద్యులున్నారు. వాళ్లకు ఆ పూత ఏ రోజు ఆపాలో తెలుసు, వారం తర్వాత రోగిని మళ్లీ చూస్తారు. ఆ సందర్భాన్ని అడ్డుపెట్టుకుని తండాలోని తామరకు నాలుగు మందుల ట్యూబు ఇవ్వడాన్ని ఎవరూ సమర్థించలేరు.

"చదువులేని జనం, ఈ వర్గీకరణలు వాళ్లకేం అర్థమవుతయి?" ఈ మాట వింటే నాకు కోపమొస్తుంది. నల్గొండ పత్తి రైతును అడగండి. కలుపు మందు వేరు, పురుగు మందు వేరు, తెగులు మందు వేరు అని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆకు మచ్చకు పురుగు మందు కొట్టడు, గులాబీ పురుగుకు కలుపు మందు కొట్టడు. డబ్బా మీద ఎర్ర త్రికోణం, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణం చూసి విషం ఎంత ఘాటుగా ఉందో గుర్తుపడతాడు. మందులు అడ్డగోలుగా కలిపి కొడితే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. 1980ల చివర పత్తిలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరెత్రాయిడ్ మందులకు లొంగకుండా పోయినప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో పత్తి రైతు ఎలా కుప్పకూలాడో ఊరి పెద్దలకు గుర్తే. గజ్జికి రాసే పెర్మెత్రిన్ ఆ పైరెత్రాయిడ్ కుటుంబంలోదే. పంట దగ్గర ఇంత విభజన తెలిసిన మనిషికి తన తోలు దగ్గర తెలియదనడం అతన్ని అవమానించడమే. పురుగు మందు డబ్బా మీద ఉన్నంత స్పష్టమైన గుర్తు మలాం ట్యూబు మీద లేదు. లోపం అక్కడ ఉంది.

చట్టం కూడా చాలాకాలం "పైపూతే కదా" అనే నమ్మింది. చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా, షెడ్యూల్ హెచ్, కంటి, చెవి, ముక్కు మందులను మినహాయించి పైకి రాసేవాటిని తన పరిధి బయటే ఉంచింది. చర్మవైద్యులు ఏళ్ల తరబడి అడగ్గా 2018 మార్చిలో కేంద్రం 14 స్టెరాయిడ్‌ల పూతలను ఆ జాబితా కిందికి తెచ్చింది. అంతకుముందే కూర్పుల మీద పోరు మొదలైంది. కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా చేసిన ఫార్మసీ ఆచార్యుడు చంద్రకాంత్ కోకాటే కమిటీ పరిశీలించి, ఒకదానితో ఒకటి పొసగని కూర్పులను ఏరింది. ఆ నివేదిక మీద 2016 మార్చి 10న కేంద్రం 344 కూర్పులను నిషేధించింది. వాటిలో క్లోబెటాసోల్ కలిసిన చర్మపు పూతలు చాలా ఉన్నాయి. కంపెనీలు కోర్టుకెళ్లాయి, అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో విషయాన్ని సాంకేతిక సలహా మండలికి పంపింది. 2018 సెప్టెంబరులో 328 కూర్పుల మీద మళ్లీ నిషేధం వచ్చింది. 2024 ఆగస్టులో ఇంకో 156 కూర్పులను ఆపారు, అందులోనూ చర్మానికి రాసేవి కొన్ని ఉన్నాయి.

ఈ కథ చూస్తే ఒకటి అర్థమవుతుంది. పొసగని కూర్పు అని తేలాక కూడా రెండున్నరేళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది, ఆ రెండున్నరేళ్లూ ట్యూబు షాపులో ఉంది. నిషేధం ఒక ప్రత్యేక కూర్పు మీద పడుతుంది. అందులో ఒక పదార్థం మార్చి కొత్త కూర్పు తెస్తే మళ్లీ మొదటికి. కాబట్టి ఢిల్లీ నుంచి వచ్చే జాబితాల కోసం చూస్తూ కూర్చుంటే పాలమూరు తామర మానదు.

పాలమూరు అన్నాను గనుక అక్కడి సంగతి చెప్పాలి. ముంబై, పుణె నిర్మాణ పనులకు పోయే లేబర్ రేకుల షెడ్లలో పక్కపక్కన పడుకుంటారు, నీళ్లు తక్కువ, తువ్వాలొకటే, దుప్పటొకటే. ఒకరికున్న తామర పదిమందికి పాకుతుంది, పండక్కి ఊరికి వచ్చినప్పుడు ఇంటికీ వస్తుంది. నల్గొండ ఆయకట్టులో నాట్లేసే ఆడవాళ్ల కాళ్లు రోజంతా బురదనీళ్లలో నాని, వేళ్ల సందులు తెల్లబడి ఒరుసుకుపోతాయి. ఎండాకాలంలో చెమట, బిగుతైన బట్ట. హాస్టలు పిల్లలకు ఒకరి నుంచి ఒకరికి గజ్జి. ఇవన్నీ ఏకకాలంలో ఇంటిల్లిపాదికీ వైద్యం చేయాల్సిన రోగాలు. పెర్మెత్రిన్ అయితే మెడ కింది నుంచి అరికాలి దాకా ఒళ్లంతా రాసి రాత్రంతా ఉంచాలి, వారానికి మళ్లీ రాయాలి, ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాయాలి, బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. ఇంత మాట చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ట్యూబు చేతిలో పెట్టడానికి రెండు సెకన్లు. చర్మరోగంలో వైద్యం ఆ రెండు నిమిషాల్లోనే ఉంది. మొండికెత్తిన తామరకు నెలల తరబడి ఇట్రాకోనజోల్ గోలీలు మింగాల్సి వస్తే కూలి కుటుంబం ఎంత పెట్టాలి? అగ్గువ అనుకున్న ట్యూబు అసలు ధర అది.

డాక్టరు దొరకడన్న మాట కూడా పదేళ్ల క్రితం ఉన్నంత నిజం ఇప్పుడు కాదు. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో మొదలయ్యాయి. నారాయణపేట, గద్వాలకు ఆ తర్వాత వచ్చాయి. ప్రతి వైద్య కళాశాలకూ చర్మవ్యాధుల విభాగం ఉండి తీరాలి. పల్లె దవాఖాన నుంచి ఈ-సంజీవనిలో మచ్చ ఫొటో చూపించి అడిగే ఏర్పాటూ ఉంది. అన్నిటికన్నా మించింది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మైక్రోస్కోపు ఉంది. క్షయకు గళ్ల, మలేరియాకు రక్తం చూసే ఆ మైక్రోస్కోపు కిందే తామర పొలుసు గీకి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి చూస్తే కొద్ది నిమిషాల్లో ఫంగస్ దారాలు కనబడతాయి. పరీక్షకయ్యే ఖర్చు ట్యూబు ధరకన్నా తక్కువ. రోగం తేల్చే దారి లేదనడం కుదరదు. ఆ దారిలో ఎవరూ నడవడం లేదు, అంతే.

ఈ మందుల తయారీకి మనకు దూరమేం లేదు. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో, చౌటుప్పల్ రోడ్డున మందుల ఫ్యాక్టరీలున్నాయి. ఫ్యాక్టరీ గోడకు ఇవతలి ఊళ్లో తామర మానక గోక్కునే మనిషి ఉన్నాడంటే అది మందు లేక కాదు, ఏ మందు దేనికో చెప్పేవాడు లేక.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆర్‌ఎంపీ గదుల మీద దాడులు చేసి ఫొటోలు పత్రికలకు ఇస్తున్నారు. ఆ ఆర్‌ఎంపీకి ట్యూబులు సరఫరా చేసే హోల్‌సేలు డీలరు బిల్లు పుస్తకం ముందు తెరవాలి. షెడ్యూల్ హెచ్ స్టెరాయిడ్ పూత చీటీ లేకుండా ఎన్ని డబ్బాలు ఏ ఊరికి పోయాయో అక్కడ తెలుస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక్క మందే ఉన్న క్లోట్రిమజోల్, పెర్మెత్రిన్, ఒక యాంటీబాక్టీరియల్ పూత, పోవిడోన్ అయొడిన్, అడుగు మెట్టు హైడ్రోకార్టిసోన్ ఏడాది పొడవునా నిల్వ ఉండాలి. తామర రోగికి ఒక ట్యూబు చేతిలో పెట్టి పంపకుండా, నెలకు సరిపడా ఇవ్వాలి. చీటీ రాసే డాక్టర్లు నాలుగు మందుల కూర్పు పేరు రాయడం మానాలి. డాక్టరు రాసిన ట్యూబు ఖాళీ డబ్బానే ఆర్‌ఎంపీ చదివేది, షాపాయన గుర్తుపెట్టుకునేది. ట్యూబు మీద మందు పేరు కింద తెలుగులో పెద్ద అక్షరాలతో ఫంగస్ మందు, చీము మందు, గజ్జి మందు, స్టెరాయిడ్ అని రాయాలి. పురుగు మందు డబ్బాకు సాధ్యమైన రంగు గుర్తు మలాంకు ఎందుకు సాధ్యం కాదో కంపెనీలు చెప్పాలి. ఇవన్నీ వచ్చే వానాకాలం నాట్లు మొదలయ్యేలోపే, ముంబై నుంచి మనుషులు ఊళ్లకు తిరిగొచ్చేలోపే మొదలు కావాలి.